తెగిన పాటకు గొంతులు

ముక్తేశ్వరం,
9 నవంబరు 2025.

లక్ష్మీదుర్గక్కకు,

ముందు నీకూ బావగారికీ నమస్కారాలు. ఆ తర్వాతే నా గొప్పలు. మస్కట్ వస్తున్న బేబి పిన్ని చేతికి ఈ ఉత్తరం ఇస్తున్నాను.

నిరుడు అమ్మ చేత నాట్ల పాటలు పాడించి వీడియో తీశాను కదా. ఆగస్టు వరదల్లో నా స్టూడియోలోకి నీళ్ళొచ్చి హార్డ్‌డిస్క్ తడిసిపోయింది. ఫైళ్ళు తెరుచుకున్నాయి గానీ, అమ్మ ముఖం సగం ఆకుపచ్చ గళ్ళయిపోయింది. పాట మాటిమాటికీ తెగిపోయి, నత్తి వచ్చినట్టు ఒకే అక్షరం కొట్టుకుంటోంది. అమలాపురంలో చూపిస్తే ఇంక లాభం లేదండీ, పారేయండి అన్నారు. ఇంటికొచ్చి బావురుమన్నాను.

ఏడుస్తూనే మళ్ళీ పెట్టి చూశాను. ఆ గళ్ళు మడిచెక్కల్లా ఉన్నాయక్కా! వాటి మధ్య అమ్మ వంగి నాట్లు ఊడుస్తున్నట్టే ఉంది. ఇక బాగుచేసే ఆలోచన మానేశాను. చెదిరిన బొమ్మను చెదిరినట్టే పెద్దది చేశాను. కొట్టుకునే అక్షరాన్ని తాళం చేశాను. తెగినచోట అతకలేదు, ఖాళీగానే వదిలేశాను.

మొన్న సాయంత్రం తాతాజీ గారి కొబ్బరి గోడౌన్‌లో తెల్లచీరలు తెరలుగా కట్టి ఆ వీడియో వేశాను. అమ్మతో నాట్లకు వెళ్ళినవాళ్ళంతా వచ్చారు. మొదట ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. "బొమ్మ రావట్లేదేంటమ్మా, వైరు ఊడిందేమో చూడు" అన్నారు తాతాజీ గారు.

ఇంతలో పాట తెగింది. ఆ ఖాళీలో వీరవేణి అత్త గొంతెత్తి తర్వాతి మాట అందుకుంది. మళ్ళీ తెగితే నలుగురు. ఇంకోసారి తెగేసరికి గోడౌన్ మొత్తం! తెరమీద అమ్మ ఆగినచోటల్లా వీళ్ళు, వీళ్ళు ఊపిరి తీసుకునేచోట అమ్మ. ముందు వరసలో కూర్చున్న అమ్మ చప్పట్లతో తాళం వేస్తూనే ఉంది. అయిపోగానే "ఆయ్, ఇంకోసారి వెయ్యమ్మా" అని ఒకటే గోల. వేశాను. ఈసారి తాతాజీ గారు కూడా పాడారు!

నేల మీద కాళ్ళు నిలవని నీ చెల్లెలు,
ప్రియాంక

తా.క.: అమ్మ నీతో ఫోన్లో మాట్లాడనిది నేను చెప్పినట్టు పని ఒత్తిడి వల్ల కాదు. ఏప్రిల్లో గొంతుకి ఆపరేషనైంది. జబ్బు పూర్తిగా పోయిందని డాక్టరుగారు చెప్పారు, కంగారుపడకు. మాట మాత్రం ఇక రాదు. ఆ తడిసిన ఫైళ్ళలో తప్ప అమ్మ గొంతు ఇంకెక్కడా లేదు. నీకు తెలియనివ్వొద్దని ఒట్టు వేయించుకుంది. మొన్న గోడౌన్ నుంచి ఇంటికొచ్చాక తనే నా అరచేతిలో వేలితో రాసింది: "అక్కకి చెప్పు. ఇవాళ నేను పాడేను."