మిర్చి గోదాము బొమ్మ

డిసెంబర్ 5, 1971
యుద్ధమని మా ఫైర్ స్టేషన్‌కు కొత్తోళ్లను పంపిండ్రు. ఒకడు ఇన్నయ్య. పెనుబల్లిల షాపు బోర్డులు రాసేటోడు. పైపును కూడా కుంచె లెక్క రెండు వేళ్లతోనే పట్టిండు. వాని హెల్మెట్‌ల చెంబెడు నీళ్లు పోసి పెట్టిన. తడిసిండు గని తిట్టలే. తిట్టనోళ్లంటే నాకు అనుమానం.

డిసెంబర్ 7
మిర్చి గోదాము తగలబడ్డది. మంట కంటే ఘాటే చంపింది. ఇన్నయ్య నా ఎన్కనే ఉన్నడు. పైపు ఇడువలే.

డిసెంబర్ 9
ఇన్నయ్య గ్యారేజీల గోనెపట్టా అడ్డం కట్టి బొమ్మేస్తుండు. ఆఫీసరే ఏయమన్నడట. కలెక్టర్ వచ్చినప్పుడు గోడకు పెడతరట. నేనున్ననా అంటే ఉన్నవన్నడు. మీసాలు మంచిగొచ్చినయా అంటే పట్టా ఇంకింత దగ్గరికి గుంజిండు.

డిసెంబర్ 10
చూడాలె.

డిసెంబర్ 11
చూసిన. గోదాము మంట. ముందట నేను, ఎన్క మావోళ్లు. అందరం ఏడుస్తున్నం. నా మీసాల మీదికి ముక్కు కారుతుంది. బొమ్మను చింపుదామనుకున్న. మళ్లీ చూస్తే పైపు మీద నా చేతులు ఎంత గట్టిగున్నయో. చేతిల టీ చల్లారేదాక ఆడనే నిలబడ్డ.

డిసెంబర్ 12
ఆఫీసర్ బొమ్మ చూసిండు. కళ్లద్దాలు తీసి తుడిచి మళ్లీ చూసిండు. దేశం గెలుస్తుంటే మనోళ్లు ఏడుసుడేందని అరిచిండు. రేపు కలెక్టర్ వచ్చేలోపు కన్నీళ్లు చెరపకుంటే పెనుబల్లికి పొమ్మన్నడు. ఇన్నయ్య పెండ్లాం జోజమ్మకు నెలలు నిండినయి. అయినా వాడన్నడు, "ఏడ్చుకుంటనే ఆర్పినం సార్. అది చెరిపితే ఉత్త మంటే మిగులుతది."
ఆఫీసర్ పోయినంక చెరుపుదామని ఇన్నయ్యనే కుంచె తీసిండు. నేను గుంజుకున్న.

డిసెంబర్ 13
కలెక్టర్ వచ్చిండు. కొత్త బొమ్మ, దిష్టి తీస్తనన్న. ఆయన ముందట ఆఫీసర్ కాదనలేకపోయిండు. చర్చికి పోయే ఇన్నయ్య నేల చూపులు చూస్తుండు. పిడికెడు మిర్చి చాలు. నేను కండువ నిండ తెచ్చిన. బొమ్మ చుట్టు తిప్పి నిప్పుల కుంపట్ల పోసిన. బ్లాకౌట్‌కని కిటికీలకు నల్లకాగితాలు అంటించి ఉన్నయి. పొగ యాడికి పోతది?
కలెక్టర్‌కు దగ్గు. ఆఫీసర్‌కు కళ్లు, ముక్కు ఒక్కటైనయి.
"ఘాటొచ్చింది. బొమ్మకు దిష్టి లేదు సార్" అన్న.
కలెక్టర్ కళ్లు తుడుచుకుంట బొమ్మనే చూసిండు. బొమ్మల మంట యాడిదని అడిగిండు. మిర్చి గోదాముదని చెప్పిన. గోడకు పెట్టుమని, ఒక్క గీత కూడా మార్చొద్దని చెప్పి బయటికి ఉరికిండు.

డిసెంబర్ 14
బొమ్మ గోడ మీదుంది. నిన్న లేని మనిషి ఒకడు బొమ్మల మా ఎన్క నిలబడి ఉన్నడు. కళ్లద్దాలు చేతుల పట్టుకొని ఏడుస్తుండు.