సభ ముగిసినట్లు ప్రకటించలేదు

రిద్‌వెన్ పురపాలక భవనం,
1974 ఏప్రిల్, మొదటి మంగళవారం.

అక్క మెరెరిద్‌కు తమ్ముడు ఇద్వల్ నమస్కరించి రాయునది. ఇక్కడ మేమందరం క్షేమం. ఊరందరి గొంతులు మాత్రం క్షేమంగా లేవు. ఆ విషయం తగిన చోట మనవి చేసుకుంటాను. అక్కడ సముద్రాల అవతల పటగోనియాలో నువ్వు, బావగారు, పిల్లలు, గొర్రెలు సుఖంగా ఉన్నారని తలుస్తాను. నీ ఉత్తరం చేరింది. అందులో నువ్వు వేసిన ప్రశ్నలకు వరుస తప్పకుండా జవాబు చెబుతాను. పురపాలక సంఘం గుమాస్తాకు అంతకంటే మంచి గుణం ఉండదు.

మొదటిది, డిలిస్ పిన్ని మోకాలు. మోకాలు బాగాలేదు, నోరు బాగుంది. మెట్లు ఎక్కవద్దని డాక్టరు ఆదేశించాడు. శనివారం ఉదయం ఆమె ఈ భవనం మెట్లు ఎక్కింది. డాక్టరు మెట్లు దిగడం గురించి ఏమీ చెప్పలేదు కాబట్టి ఇంతవరకు దిగలేదు.

రెండవది, సభామందిరంలోని బల్ల. అది ఉన్నచోటే ఉంది. క్వారీలో రాయి జారిన రోజు నాన్నను మోసుకొచ్చి పడుకోబెట్టింది దానిమీదే. బల్ల గట్టిగా ఉంటుందని అమ్మ తన కోటు మడిచి ఆయన తలకింద పెట్టిన సంగతి నీకూ జ్ఞాపకమే. కొత్త జిల్లా కార్యాలయం నుంచి వచ్చిన పెన్నాంట్ గారు కిందటి వారం ఆ బల్లను పరిశీలించి, ‘పాత సామాను, మరకలు గలది, పారవేయదగినది’ అని నమోదు చేసుకున్నారు. పరిశీలన చాలా క్షుణ్ణంగా జరిగింది. మరకలు కూడా ఆయన దృష్టిని దాటిపోలేదు.

మూడవది, మన హాలును పడగొట్టి కార్లు నిలుపుకొనే స్థలం చేస్తారన్నది నిజమేనా అని అడిగావు. నిజమే. రిద్‌వెన్ వంటి చిన్న పురపాలక సంఘాలు ఇక ఉండరాదని లండన్‌లో చట్టం చేశారు. మార్చి నెలాఖరుతో మన సంఘం రద్దు. భవనం కొత్త జిల్లాకు చెందుతుంది. దానికి ఈ భవనం అవసరం లేదు, స్థలం అవసరం ఉంది. రిద్‌వెన్‌లో కార్లు ఉన్నవారిని నేను ఒక్క చేతి వేళ్ళమీద లెక్కపెట్టగలను. కానీ ప్రణాళిక వేసేవారు దూరదృష్టి కలవారు.

ఈ భవనం ఏ ప్రయోజనం సాధించిందో తెలపమని పెన్నాంట్ గారు నన్ను లిఖితపూర్వకంగా కోరారు. తెలిపాను. మన తాతలు శనివారం మధ్యాహ్నం క్వారీ పని దిగి, ఇంటికి పోకుండా, ఈ గోడలకు రాయి మోశారని రాశాను. యజమానులు గేట్లు మూసి ఊరిని పస్తులు పెట్టిన చలికాలంలో మేయరు గదిలోనే గంజి కాచారని, యుద్ధంలో బాంబులు తప్పించుకుని లివర్‌పూల్ నుంచి మెడలో పేరు చీటీలతో వచ్చిన పిల్లలను ఈ మెట్ల మీదే ఊరివాళ్ళు తలా ఒకరిని చేయిపట్టుకుని ఇళ్ళకు తీసుకెళ్ళారని రాశాను. కింద గ్రంథాలయం, పైన కోర్టు, వెనక గదిలో పళ్ళు పీకే డాక్టరు. అందుచేత ఈ ఊళ్ళో మనిషి చదువు, శిక్ష, నొప్పి ఒకే కప్పు కింద పొందగలిగాడని కూడా రాశాను. ‘వివరాలు అందినవి’ అని జవాబు వచ్చింది. దాని వెనకే బుల్డోజర్ కూడా వచ్చింది.

ఇక శనివారం జరిగిన ఆఖరి సభ. మన సభలు ఎలా ముగుస్తాయో నీకు తెలుసు: అందరూ లేచి ప్రార్థన కీర్తన పాడాలి, పాట ఆగిన తర్వాత మేయరు సభ ముగిసినట్లు ప్రకటించాలి. పాట విషయంలో మనవాళ్ళ అలవాటు కూడా నీకు తెలుసు. మనసు నిండకపోతే ఎవరో ఒకరు చివరి రెండు పాదాలు మళ్ళీ ఎత్తుకుంటారు. ఒకరు ఎత్తుకుంటే మిగతావాళ్ళు నోరు మూసుకుని నిలబడటం మర్యాద కాదు. శనివారం ఊరి మనసు నిండలేదు. ఇప్పటికీ నిండలేదు.

ఆదివారం పాస్టర్ గారు ప్రార్థనను చాపెల్ నుంచి ఇక్కడికే మార్చారు. పాట ఆగలేదు. సోమవారం పొద్దున్నే పెన్నాంట్ గారు మళ్ళీ వచ్చారు. ఈసారి మేయరు నెస్తా దగ్గరికి వెళ్ళారు. ఆమెకు మాంసం కొట్టు ఉందన్న సంగతి ఆయనకు ఎవరూ చెప్పినట్లు లేదు.

"అమ్మా, సభ ముగిసిందని ఒక్క ముక్క అనండి. మా పని మేం చేసుకుంటాం."

"పాట మధ్యలో మాట్లాడుతున్నావేంటయ్యా? మీ అమ్మ నిన్ను చాపెల్‌కి తీసుకెళ్ళలేదా?"

"అసలు మీ సంఘమే లేదండీ! రాత్రితో రద్దయిపోయింది!"

డిలిస్ పిన్ని కుర్చీలోంచి అందుకుంది. "లేని సంఘంతో నీకేం పని నాయనా? ఇంటికెళ్ళి ఓ కప్పు టీ తాగు. మొహం చూడు, ఎలా పీక్కుపోయిందో!"

పెన్నాంట్ గారు కానిస్టేబుల్ ట్రెఫోర్‌ను పిలిపించారు. ట్రెఫోర్ గుమ్మంలో నిలబడి, పాట విని, టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు.

"చూస్తూ నిలబడ్డావేం? వీళ్ళని బయటికి పంపించు!"

"పంపిస్తా సార్. పాట అవనీయండి. మధ్యలో లాగితే మా ఆవిడ ఇంట్లోకి రానివ్వదు."

"ఎప్పుడవుతుందయ్యా ఇది?"

"చెప్పలేం సార్. హెచ్చు గొంతు వాళ్ళు తక్కువగా ఉన్నారు. నేను వెళ్ళి కాస్త సాయం పట్టి వస్తా."

ట్రెఫోర్ ఇంకా సాయం పడుతూనే ఉన్నాడు. మనుషులు లోపల ఉండగా గోడ మీద చేయి వేయనని బుల్డోజర్ నడిపేవాడు చెప్పేశాడు. వాళ్ళ అమ్మది ఈ ఊరే. నిన్న మధ్యాహ్నం యంత్రం దిగి వచ్చి ఒక చరణం పాడి వెళ్ళాడు.

అక్కా, నువ్వు వేసిన ఆఖరి ప్రశ్న ఇంకా మిగిలి ఉంది. "ఇదంతా జరుగుతుంటే నువ్వేం చేస్తున్నావురా?" అని అడిగావు. వరుస తప్పనని మొదట్లోనే చెప్పాను కనుక ఇక తప్పించుకోలేను.

నేను ఒప్పుకున్నాను. ఏ గొడవా లేకుండా తాళాలు అప్పగిస్తే కొత్త జిల్లా కార్యాలయంలో ఉద్యోగం, దానితో పింఛను ఇస్తామన్నారు. జనవరిలోనే సంతకం చేశాను. నీకు క్రిస్మస్ తర్వాత రాసిన రెండు ఉత్తరాల్లోనూ వాతావరణం గురించి అంత విపులంగా రాసింది అందుకే. శనివారం నేను సభలో కూర్చున్నది తాళాల గుత్తి జేబులో పెట్టుకునే.

గుమాస్తా సభలో నోరు విప్పరాదు, రాసుకోవాలి. ఇన్నేళ్ళలో నేను ఆ మందిరంలో తుమ్మడానికి కూడా బయటికే వెళ్ళాను. పాట చివరికి వచ్చింది. నెస్తా పాటల పుస్తకం మూసింది. ఇంకెవరూ అందుకోలేదు. ఎవరి కళ్ళు వాళ్ళు నేలకు అంటించుకున్నారు. పెన్నాంట్ గారు నా వైపు చేయి చాచారు. నేను లేచాను, జేబులో చేయి పెట్టాను. చాచిన ఆ చేయి కింద బల్ల ఉంది. దానికి ఆయన అంటించిన ‘పారవేయదగినది’ అన్న చీటీ ఉంది.

నా నోటినుంచి పాట వచ్చింది అక్కా. చివరి రెండు పాదాలు. శ్రుతి లేదు, ఏ లయా లేదు. చిన్నప్పుడు చాపెల్‌లో నా పక్క నిలబడి "నువ్వు పెదాలు మాత్రం కదుపురా" అనేదానివి గుర్తుందా? ఆ గొంతే. ఒక్కడినే ఒక పాదం మొత్తం పాడాను. హాలంతా నా వైపు తిరిగింది.

"ఓరి దేవుడా, ఇద్వల్‌కి గొంతుంది!" అంది డిలిస్ పిన్ని. "అందుకోండర్రా, లేకపోతే వీడే పాడతాడు!"

కప్పు లేచిపోయేలా అందుకున్నారు. నేను కూర్చుని సభా వివరాల పుస్తకంలో ‘గుమాస్తా పాడెను’ అని రాసుకున్నాను. వాస్తవం కనుక కొట్టివేయలేదు.

నిన్న సాయంత్రం జిల్లా నుంచి నాకు తాఖీదు వచ్చింది. నేను అనుచితంగా ప్రవర్తించానట. తాళాలు అప్పగించి, అదే కాగితం అడుగున క్షమాపణ రాసి సంతకం చేసి, ఈరోజు కార్యాలయం మూసేలోపు తిప్పి పంపాలట. లేనిచో ఉద్యోగమూ లేదు, పింఛనూ లేదు. కాగితం మంచిది, దళసరి. వెనకవైపు ఖాళీగా ఉంది. నువ్వు ఇప్పుడు చదువుతున్నది ఆ వెనకవైపే. వాళ్ళకు నా క్షమాపణ కావాలంటే ఓడెక్కి మీ ఊరికి రావాలి. వస్తే టీ ఇవ్వు, కాగితం మాత్రం ఇవ్వకు.

భయం లేదా అంటే, ఉంది. పశ్చాత్తాపం మాత్రం వెతికినా దొరకలేదు. ఈ ఊళ్ళో ఇంకా చాలామంది ఉన్నారు, పాటలో పాదాలు కూడా చాలా ఉన్నాయి.

డిలిస్ పిన్ని కేకేస్తోంది: "ఇద్వల్! మంద్ర గొంతు వాళ్ళు టీకి పోయారు, రాతలాపి లే!"

లేస్తున్నాను.

ఇట్లు,
సభలోనే ఉన్న
నీ తమ్ముడు ఇద్వల్