పరీక్ష దాకా పెట్టాల్సిన ముక్క

చిరంజీవి అబ్బాయికి,

అమ్మ దీవెనలు. ఇక్కడ మీ ఆవిడా నేనూ బాగానే ఉన్నాం. "అందరం" అని రాయడానికి మాత్రం చెయ్యి రావడం లేదు. అక్కడ గనిలో నువ్వు వేళకు తింటున్నావనుకుంటాను. ఫోన్ మానేసి కాగితం ఎందుకు పట్టిందీవిడ అంటావేమో. నువ్వు గనిలోంచి పైకొచ్చి ఫోన్ ఎత్తే వేళకి మీ ఆవిడ పక్కనే ఉంటుంది, అందుకు.

మన చిన్ని పిడుగుకి పొట్ట తగ్గిందా అని అడిగావు. తగ్గలేదు. కాళ్లూ చేతులూ పుల్లల్లా ఉన్నాయి, పొట్ట ఒక్కటే ఉబ్బి కనిపిస్తోంది. రెండో పుట్టినరోజుకి కుట్టించిన గౌను ఇంకా వదులే. ఇల్లు పీకి పందిరేసే పిల్ల, సోఫా మూలన వేలు నోట్లో పెట్టుకుని కూర్చుంటోంది.

"గోధుమలు మానిపించేస్తే పోలా, ఇంత చర్చ ఎందుకమ్మా?" అని ఫోన్‌లో మెసేజ్ పెట్టావు. చదివి ఒళ్లు మండింది. చొక్కా మార్చుకోవడమనుకున్నావా? డాక్టరమ్మ చెప్పింది విను. గోధుమలోని గ్లూటెన్ వల్లే పేగు దెబ్బతింటుంటే పిల్ల జన్మంతా దాని జోలికి పోకూడదు. అది కాకపోతే అసలు జబ్బు వేరే ఎక్కడో దాక్కుని ఉన్నట్టు. తేల్చడానికి ముందు రక్తపరీక్ష చెయ్యాలి. అప్పటిదాకా రోజూ గోధుమ తింటూనే ఉండాలి. ముందే మానేస్తే జబ్బున్నా రక్తంలో కనిపించకపోవచ్చు.

మీ ఆవిడ ఏడ్చింది. "విషమేమోనని అనుమానమున్నదాన్ని నా చేత్తో ఎలా పెట్టను అత్తయ్యా? బేకరీలో రోజంతా ఆ పిండిలోనే ఉంటాను. ఇంటికొచ్చి దాన్ని ఎత్తుకోవాలంటేనే భయమేస్తోంది."

"భయాన్ని బట్టి వైద్యం చేస్తారా? రుజువు కావాలి" అన్నాను. నా సంగతి తెలుసుగా, మైకు లేకపోయినా సభే. ఎదురింటావిడ వచ్చి "తల్లి పనికి పోతే పిల్లలు ఇలాగే ఎండిపోతారు" అంటే, "తండ్రీ పనికే పోయాడు, ఆ మాట అతన్ని అనరేం?" అని గుమ్మంలోనే దులిపేశాను. అవసరం ఉన్నా లేకపోయినా గ్లూటెన్ లేని బిస్కెట్లంటూ తల్లుల భయాన్ని డబ్బాల్లో పెట్టి అమ్మేవాళ్ల మీద పత్రికలో ఒక వ్యాసం కూడా వాయించాను. చివరికి మీ ఆవిడ, "సరే, మీరే పెట్టండి. నేను చూడలేను" అంది. వాదనలో గెలిచాను.

నాన్నా, ఇప్పుడు అసలు మాట. నేను పెట్టలేదు.

మొదటిరోజు బ్రెడ్డు తుంచి నోటిదాకా తీసుకెళ్లాను. పిడుగు నోరు తెరిచింది. ఇదేమిటని కూడా అడగలేదురా, ఊరికే తెరిచింది. నా చెయ్యి వెనక్కొచ్చేసింది. ఆ ముక్క నేనే తినేశాను. మర్నాడూ అంతే. ఆ తర్వాతా అంతే. మీ ఆవిడ పనినుంచి వచ్చి "తిందా?" అంటే "తింది" అన్నాను. ఊరందరినీ రుజువులడిగే దాన్ని, ఇంట్లో ఉన్న ఒక్క రుజువునీ నమిలి మింగుతూ కూర్చున్నాను. పోనీ పొట్టన్నా తగ్గిందా? లేదు. అంటే గోధుమ కాదా? కాకపోతే ఇంకేమిటి? లేక మానడానికి పేగుకి ఇంకా టైము పడుతుందా?

పొద్దున డాక్టరమ్మకి చెప్పేశాను. తిట్టలేదు. తిట్టినా బాగుండేది. "మళ్లీ మొదలుపెట్టండి. పరీక్ష కొన్ని వారాలు వాయిదా వెయ్యాలి" అంది. ఆ వారాలన్నీ పిల్ల కడుపులో ఏం జరుగుతుందో నేను అడగలేదు. అడిగే ధైర్యం లేకపోయింది.

మధ్యాహ్నం ముక్క తుంచి దాని చేతిలో పెట్టాను. అది తినలేదు. ఇన్నాళ్లూ చూసింది కదా, ఆ ముక్క నాదనుకుంటోంది. లేచి నిలబడి, "నానమ్మా, ఆ" అంటూ నా నోటికి అందించింది.

"కాదమ్మా, ఇది నీదే" అన్నాను.

తింది. మింగేదాకా చూశాను. ఇంకో ముక్క కోసం నోరు తెరిచింది. పెట్టాను.

మీ ఆవిడ వచ్చే వేళయింది. గుమ్మంలోనే చెప్పేస్తాను. తను నీకు ఫోన్ చేసి ఏడిస్తే నన్ను వెనకేసుకురాకు.

ఇట్లు,
నీ కూతురి నోటికి భయపడుతున్న
అమ్మ