బిళ్ళ పట్టే చెయ్యి

జూన్ 4
ఆస్పత్రిలో నాన్న నడుము కింద ఒక యంత్రం ముక్క పెట్టి కుట్టేశారు. గోరంత ఉంటుంది. బ్యాటరీ లేదు. ఫర్నిచర్ ఫ్యాక్టరీలో రెయిలింగ్ లేని అటక మీంచి పడ్డప్పటి నుంచి నాన్నకు మూత్రం దానంతటది రాదు. ఇక మీదట బయటి నుంచి ఒక బిళ్ళ ఆనిస్తే, అందులోంచి లోపలి ముక్కకు కరెంటు అంది, వస్తుంది. నాలుగు గంటలకోసారి. నాన్న కుడి భుజం వెనక్కి తిరగదు, ఎడమ చెయ్యి అక్కడికి అందదు. పట్టాల్సింది నేను. చెల్లిని వద్దన్నాడు.

జూన్ 5
బ్యాటరీ లేకపోవడమే దీని గొప్పట. మార్చడానికి మళ్ళీ కొయ్యక్కర్లేదని డాక్టరమ్మ అంది. మరి పవర్ ఎవరి చేతిలో ఉన్నట్టు అని అడిగాను. నీ చేతిలోనే బాబూ అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ఒకడి ఒంట్లో యంత్రం, ఇంకొకడి చేతిలో శక్తి! నేను చదివే కార్మిక సంఘం కరపత్రాలన్నీ మొత్తుకునేది దీని గురించే.

జూన్ 9
బిళ్ళ వేలెడు పక్కకు జరిగితే రాదు. నాన్న గోడ వైపు తిరిగి నిలబడతాడు. ఇద్దరం మాట్లాడుకోం. ఇవాళ ఆయనే అన్నాడు: చిన్నప్పుడు నిన్ను నేనిలాగే నిలబెట్టేవాణ్ణిరా, నువ్వేమో గురిచూసి నా చెప్పుల్లో పోసేవాడివి.

జూన్ 13
పోట్లాట. ఫ్యాక్టరీ గేటు ముందు మీటింగు పెడతానన్నాను. వద్దన్నాడు. తప్పు తనదేనట, కాలు జారిందట. రెయిలింగ్ ఉంటే జారినా పడేవాడివా అని అరిచాను. నీ కాగితాల్లో ఉన్నదంతా నా ఒంటి మీద రాయకురా అన్నాడు.
బానిస బుద్ధి అన్నాను. నాన్నను.

జూన్ 14, ఉదయం ఏడున్నర
బిళ్ళ సంచిలో వేసుకున్నాను. ఉత్త మాటలు ఎవడు వింటాడు, వస్తువు చూపించాలి. ఏడింటికి ఒకసారి పట్టాను. పదకొండుకల్లా వచ్చేస్తాను. నాన్నకు చెప్పలేదు.

జూన్ 16
రాయాలి.
గేటు దగ్గర బాగానే జనం. బిళ్ళ పైకెత్తాను. టార్చిలైటా తమ్ముడూ అని ఎవరో అన్నారు, అందరూ నవ్వారు. ఇది లేకపోతే మా నాన్నకు మూత్రం రాదన్నాను. నవ్వులు టక్కున ఆగాయి. ఆ నిశ్శబ్దం నాకు నచ్చింది. అబద్ధమెందుకు, చాలా నచ్చింది.
సెక్యూరిటీ వాళ్ళు సంచి లాక్కున్నారు. ఫోను కూడా అందులోనే. సూపర్‌వైజర్ వచ్చి, క్షమించమని ఒక్క లైను రాసిచ్చి పట్టుకుపో అన్నాడు. అందులో వైద్యం సామాను ఉందన్నాను. అయితే తొందరగా రాయి అన్నాడు. రాయనన్నాను. పదకొండైంది. రాయను. ఒంటిగంట. నాన్న ఉగ్గబట్టుకోగలడు, నేను తలొంచకూడదు అనుకున్నాను. మూడింటికి రాశాను.
ఇంటికి వచ్చేసరికి నాన్న బాత్‌రూం గోడకు నుదురు ఆనించి ఉన్నాడు. పొట్ట బండలా ఉంది. బిళ్ళ అటూ ఇటూ జరిపాను, చోటు దొరకలేదు. దొరికాక కూడా రాలేదు. ఆస్పత్రిలో గొట్టం వేశారు. మూత్రం వెనక్కి తన్ని కిడ్నీలకు ఇన్‌ఫెక్షన్ అంట. ఒళ్ళు కాలిపోతోంది.
నేను డ్యూటీలో ఉంటే మాత్రం ఫోన్ చెయ్యొచ్చు కదా నాన్నా అని చెల్లి ఏడ్చిందట. వాడు వచ్చేస్తాడులే అనుకున్నానమ్మా అన్నాడట.

జూన్ 17
చెల్లి నాతో మాట్లాడటం లేదు.

జూన్ 23
నాన్న ఇంటికొచ్చాడు. బిళ్ళ తీసుకోబోతే, ఉండనీరా, నీకేం పనులున్నాయో, చెల్లి పడుతుందిలే అన్నాడు. గొంతులో కోపం లేదు. ఒక్కసారి తిట్టి ఉంటే బాగుండేది.

జూలై 1
నాన్న వడ్రంగి కదా. ఎడమ చేత్తో మూడు రోజులు కోశాడు, చెక్కాడు. చెక్క కదలకుండా పట్టుకుంటానన్నా వద్దన్నాడు. బాత్‌రూం గోడకు నడుము ఎత్తున ఒక దిమ్మ బిగించి, బిళ్ళ కూర్చునేలా గుంట తొలిచాడు. వీపు ఆనించి నిలబడితే సరిగ్గా చోటు మీదే ఉంటుంది. మూత్రం పట్టుకునే డబ్బా ఒక్కటి చేతిలో ఉంటే చాలు. ఎవరూ పట్టక్కర్లేదు. డాక్టరమ్మ ఫోటో పంపమందని చెల్లి గంతులేసింది.
మంచిదే. ఇదే కదా నేను కోరింది. మంచిదే.

జూలై 4, పదకొండు గంటలు
బాత్‌రూం తలుపు బయట నిలబడ్డాను. లోపల చప్పుడు. వస్తోంది.
ఎవరది అని అడిగాడు.
ఎవరూ లేరు నాన్నా అన్నాను.