ఆటబొమ్మకు తిరగేసి కట్టిన చీర

శివా,

మీ కంప్యూటర్ ఆటకు నువ్వు చేసిన చీరల డీఎల్సీ, అదే ఆ ఆటకు కొత్తగా కలిపేది, అప్పుడే అప్‌లోడ్ చేయొద్దు. సాయంత్రం ఆరుకు వదుల్తామంటివి గదా, ఆపు. ఫోను ఇంట్లో పెట్టి యాడికి పోతివో, చెప్పే దారి లేక రాస్తాండా. హిందూపురం రైలుకు టైమయింది. ఈ పొద్దే మీ పెద్దమ్మకు కంటి ఆపరేషన్.

నీ కంప్యూటర్లో ఆ ఆటలో ఆడబొమ్మ చీర కట్టుకొని నడుస్తాంటే చూసినా. అప్పటినుంచి నాకు కాలు నిలవలేదు. మన చీరే, కానీ తిరగేసి కట్టినావు. అంచు పొడుగునా జరీ పోగులు యాలాడతాండాయి. మగ్గం మీదుండంగా ఫోటో తీస్తివా? మగ్గం మీద మనకు కనపడేది వెనక పక్కప్పా, మంచి పక్క కిందికుంటాది. ఆట కొన్నోళ్లు మళ్లీ దుడ్లు కట్టి ఈ చీర దించుకుంటే, ధర్మవరమోళ్లకు చీర కట్టడం గూడా రాదనుకోరా?

నిన్న మగ్గం మీంచి కోసిన చీరను మంచం మీద మంచి పక్క పైకి పెట్టి పరిచినా. చేతులు కడుక్కొని ఫోటో తీయి. నాలుగింటికి మనకు నేత పనిచ్చే షావుకారు మనిషి వచ్చి తీసుకపోతాడు.

నీ తప్పేం లేదులే. పుట్టినప్పటినుంచి నువ్వు మగ్గం మీద ఆ పక్కే చూస్తివి. నేసిన పట్టుచీర మనింట్లో ఎవరు కట్టుకున్యారు, నీకు మంచి పక్క తెలిసేకి?

అమ్మ

చెంగు కాడ మడత చెదిరింటే నువ్వే సర్దు. పొద్దున ఒక్కసారి భుజాన ఏసుకొని అద్దంలో చూసుకున్యా. ఆ షావుకారు మనిషికి చెప్పొద్దు.