నేతిచుక్క పడిన సూపు

క్లేటన్, మెల్‌బోర్న్
3 అక్టోబరు 2025, శుక్రవారం

వైశాలి అక్కకు,

కిరణ్మయి వంగి నమస్కరించి రాస్తున్నది. బావగారికి నా నమస్కారాలు, సుమంత్‌కు ఆశీస్సులు. నిన్న దసరాకు జమ్మి ఆకు నీ చేతిలో పెట్టి కాళ్ళకు దణ్ణం పెట్టాల్సింది. బ్రిస్బేన్ దూరం కనుక ఇక్కడినుంచే పెట్టాను. మేమందరం క్షేమం. ఫోన్ ఉండగా ఉత్తరమేమిటే అంటావని తెలుసు. కొన్ని మాటలు ఫోన్‌లో నాకు నోట రావు.

పోయిన కార్తీకంలో అమ్మ మా ఇంట్లోనే కన్నుమూసింది కదా. మొదటి తద్దినం మీ ఇంట్లో పెడుతున్నామని, వంటకు నేనే రావాలని ఆదివారం ఫోన్‌లో అన్నావు. చివరి రోజుల్లో కూడా అమ్మ నియమం తప్పనీయకుండా పెట్టిన చేయి నాదని, నీకా పుణ్యం దక్కలేదని అన్నావు. నేను సిగ్నల్ లేదని పెట్టేశాను. సిగ్నల్ బ్రహ్మాండంగా ఉంది.

ముందు నా ఉద్యోగం సంగతి చెప్పాలి. కాల్‌ఫీల్డ్‌లో ఎస్తర్ ఆంటీ అని యూదుల పెద్దావిడ ఉంది. ఎనభై ఆరేళ్ళు, చూపు దాదాపు పోయింది. వారానికి నాలుగు రోజులు వెళ్ళి వండిపెడతాను. ఆవిడ మడి ముందు మన మామ్మ మడి బలాదూరు. మాంసానికి ఎర్ర టేపు గిన్నెలు, పాలూ వెన్నలకు నీలం టేపు గిన్నెలు. ఆ రెండూ ఎక్కడా కలవకూడదు. వంట నేను చేసినా పొయ్యి మాత్రం ఆవిడే తడుముకుంటూ వచ్చి వెలిగించాలి. కోడిని ముట్టుకునేటప్పుడు నేను రెండు జతల గ్లవ్స్ వేసుకుంటాను, నవ్వకు.

వాళ్ళ కొత్త సంవత్సరానికి తేనె కేకు ఎయిర్ ఫ్రయర్‌లో చేస్తానని కోతలు కోశాను. పైన మాడి, లోపల పచ్చిగా వచ్చింది. ఆవిడ ఒక ముక్క ఓపిగ్గా నమిలి, బుడాపెస్ట్‌లో వాళ్ళమ్మ బొగ్గుల పొయ్యి మీద చేసేదని మాత్రం అంది.

మొన్న బుధవారం వాళ్ళ పెద్ద ఉపవాసం మొదలైంది. పొద్దుగుంకినప్పటినుంచి మర్నాడు చుక్కలు పొడిచేదాకా మంచినీళ్ళు కూడా తాగరు. అంతకుముందు తినే భోజనంలో క్రెప్లాఖ్ ఉండాలి. పల్చగా వత్తిన పిండిలో ఉల్లిపాయతో వేయించిన కోడి కైమా పెట్టి, కజ్జికాయలా మడిచి, కోడి సూపులో వేస్తారు. ఆవిడ వేలితో అంచులు తడిమి, మడత గట్టిగా వచ్చిందని మెచ్చుకుంది. ఆ సంబరంలో సూపు దించేముందు, నా భోజనం సంచిలోంచి నేతిసీసా తీసి చెంచాడు వేసేశాను, పప్పులో వేసినట్టే. చేయి దాని అలవాటు అది చూసుకుంది.

నాకు తెలిసివచ్చేసరికి ఆవిడ చెంచా నోటిదాకా తెచ్చుకుంది. కనబడదు. వేగిన ఉల్లి వాసనలో నేతి వాసన తేలదు. నేను నోరు మూసుకుంటే అక్కడితో సరి. కానీ ఆగండి అన్నాను. నెయ్యి పడిందని చెప్పాను.

రెండేళ్ళుగా ఈ వంటింట్లో ఉండి ఏం నేర్చుకున్నావని ఆవిడ గట్టిగా తిట్టింది. సూపంతా పారబోయించింది. మళ్ళీ వండే వేళ లేదు. ఉడికించిన బంగాళాదుంప, ఒక ఆపిలు తిని, ఆ వయసులో, ఉపవాసం మొదలుపెట్టింది. నేను బయలుదేరుతుంటే పిలిచి, చేయి పట్టుకుని, తిట్టినందుకు మన్నించమని నన్ను అడిగింది. దేవుడి పట్ల చేసిన తప్పును ఈ రోజున దేవుడు క్షమిస్తాడట. మనిషికి చేసిన తప్పుకు మాత్రం ఆ మనిషినే అడగాలట, దేవుడు మధ్యలోకి రాడట.

ట్రామ్‌లో కూర్చుని ఏడ్చాను అక్కా, తిట్టినందుకు కాదు. ఒక పరాయి మనిషి దగ్గర నోరు తెరవగలిగాను. సొంత మనిషి దగ్గర తెరవలేకపోయాను.

ఇక ఉంటాను. తద్దినం వంటకు నన్ను రమ్మనాలో వద్దనాలో, కింద రాసింది చదివాక నువ్వే నిర్ణయించు.

నీ చెల్లెలు
కిరణ్మయి

తా.క.: ఆపరేషన్ తర్వాత అమ్మకు ఒంట్లో సత్తువ లేకపోయింది. ప్రొటీన్ పడకపోతే కష్టమన్నారు డాక్టరు. పొడులు ఇస్తే కక్కేసింది. ఉల్లిపాయ కూడా ముట్టని మనిషి, గుడ్డు పేరెత్తగానే మొహం తిప్పుకుంది. నేను షాపునుంచి కోడి సూపు డబ్బాలు తెచ్చి, చింతపండూ మిరియాలూ దట్టించి, చారని చెప్పి పోశాను. పందొమ్మిది రోజులు. అమ్మ రోజూ గ్లాసు కళ్ళకద్దుకునే తాగింది. రుచి మారిందేమే అని ఒకసారి అడిగితే ఇంగువ మార్చానన్నాను. బతికించుకోవాలనే చేశాను, బతకలేదు. అమ్మను అడిగే దారి లేదు కనుక నిన్ను అడుగుతున్నాను, క్షమించు. పోయే ముందురోజు అమ్మ, ఈ చారు వైశాలికి కూడా నేర్పవే అంది. సరేనన్నాను.