మిరప దగ్గు

నన్ను కన్నవాళ్లు గెంటేస్తే కూతురని చేరదీసిన అమ్మా,

మిరపకాయల తొడిమలు తీసే కూలికి దగ్గు మామూలేనని, నీ దగ్గును కూడా మిరప ఘాటే అనుకున్నాం. ముదిరాక ఆసుపత్రికి తీసుకెళ్తే, హిజ్రావని ఆడవాళ్ల వార్డులో మగవాళ్ల వార్డుకు పొమ్మన్నారు. అక్కడివాళ్లు మళ్లీ ఆడవాళ్ల వార్డుకే తోలారు. నువ్వు వరండాలోనే పోయావు. ఒక్కరూ నీ ఒంటిమీద చెయ్యి వెయ్యలేదు.

ఇవాళ అదే దగ్గుతో అక్కడికే వెళ్లాను. పొమ్మనేదేదో ముందే అంటారని, హిజ్రానని నేనే చెప్పేశాను.

"అయితే ఏంటమ్మా? ఇటు తిరిగి గట్టిగా ఊపిరి పీల్చు" అంటూ కొత్త డాక్టరమ్మ నా వీపుమీద స్టెతస్కోపు ఆనించింది. చల్లగా తగిలింది.

"ఆడవాళ్ల వార్డులో చేరాలి. తోడెవరొచ్చారు?"

"మా అమ్మ" అనబోయి, "ఎవరూ లేరండి" అన్నాను.